బోగీ ఫర్నేస్‌లో గ్యాస్ ఖర్చు తగ్గడం లేదు: బయటి గోడకు ఇన్సులేషన్ వేయాలా?

నిప్పుకణిక

అందరికీ నమస్కారం. నేను హీట్ ట్రీట్‌మెంట్ విభాగంలో షిఫ్టు బాధ్యత చూస్తాను. మా దగ్గర సహజ వాయువుతో నడిచే బోగీ ఫర్నేస్ (సరుకు పెట్టే అడుగు భాగం చక్రాల బండిలా బయటికి వచ్చే కొలిమి) ఒకటి ఉంది. లోపలి కొలతలు 4 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. గోడల్లో లోపలివైపు 230 మిల్లీమీటర్ల ఫైర్‌బ్రిక్ (మంట వేడిని తట్టుకునే ఇటుక), దాని వెనుక 115 మిల్లీమీటర్ల ఇన్సులేషన్ ఇటుక, ఆ పైన ఉక్కు రేకు. ఉక్కు సరుకును 900 డిగ్రీల సెల్సియస్‌కు చేర్చి, కొంతసేపు అక్కడే నిలిపి, బయటికి తీస్తాం. ఒక్కో విడతకు పది గంటలు పడుతుంది. లోడు సగటున 6 టన్నులు. విడతకు 940 ఘనపు మీటర్ల గ్యాస్ కాలుతోంది. ఇది చాలా ఎక్కువని నాకు అనిపిస్తోంది.

గోడ పక్కన నిలబడితే ముఖం మండిపోతుంది. అందుకే బయటి రేకు మీద 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (రాతి నారతో చేసిన ఇన్సులేషన్) పరచి, పైన పలుచటి రేకు కప్పాలని అనుకుంటున్నాం. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో చూస్తే గోడ 66 డిగ్రీలు చూపిస్తోంది. ఇలా చేస్తే గ్యాస్ ఎంత తగ్గుతుంది? ఎవరైనా చేసి చూశారా?

దహనమిత్ర

నిప్పుకణిక గారూ, రాక్‌వూల్ కొనే ముందు నాలుగు సంగతులు చెప్పండి. పొగలో ఆక్సిజన్ ఎంత శాతం ఉంది? ఆ కొలత ఎక్కడ తీశారు? బయటి గోడకు ఏ రంగు వేశారు? బోగీ పక్కన సందును మూసే ఇసుక తొట్టి, అదే ఇసుక సీలు, ఏ స్థితిలో ఉంది?

గోడ వేడిని మన చర్మం పట్టేస్తుంది కాబట్టి అందరి చూపూ మొదట గోడ మీదే పడుతుంది. చిమ్నీలోంచి పోయే వేడి ఎవరి ముఖానికీ తగలదు. ముప్పై ఏళ్లుగా ఫర్నేస్‌ల మధ్య తిరుగుతున్నాను. గ్యాస్ ఖర్చు గురించి నన్ను పిలిచిన చోటల్లా మొదట చూపించింది గోడనే.

నిప్పుకణిక

దహనమిత్ర గారికి ధన్యవాదాలు. ఆక్సిజన్ మీటరు వేరే విభాగం నుంచి తెచ్చి చూశాను. ఫర్నేస్ నుంచి పొగ బయటికి వచ్చే నోటి దగ్గరే గొట్టం పెట్టాను. 900 డిగ్రీల దగ్గర 8 శాతం వచ్చింది. గోడకు అల్యూమినియం రంగు వేసి ఉంది. ఇసుక సీలు గురించి నిజం చెప్పాలంటే ఇంతవరకు ఎప్పుడూ వంగి చూడలేదు. రేపు చూసి చెబుతాను.

లైనింగ్ మేస్త్రి

అల్యూమినియం రంగు అన్నారు కాబట్టి ముందు ఆ 66 డిగ్రీలను నమ్మకండి. ఇన్‌ఫ్రారెడ్ గన్ మామూలుగా ఎమిసివిటీ (ఉపరితలం వేడి కిరణాలను వదిలే గుణం) 0.95 అనుకుని లెక్క వేస్తుంది. అల్యూమినియం రంగు వేసిన రేకుకు అది 0.3, 0.4 ప్రాంతంలో ఉంటుంది. గోడ తక్కువ కిరణాలు వదులుతుంది, గన్ దాన్ని చల్లటి గోడ అనుకుంటుంది. అరచేయి అంత మేర మెరుపు లేని నల్ల రంగు పూసి, ఆరిన తరువాత ఆ మచ్చ మీద కొలవండి. లేదా గోడకు తాకించి ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్‌తో చూడండి.

ఇంకో మాట. బయట ఇన్సులేషన్ వేస్తే వేడి లోపలే ఆగుతుంది, నిజమే. అయితే ఆ ఆగిన వేడి ఎక్కడికి చేరుతుంది? ఇంతవరకు చల్లగా ఉన్న ఇన్సులేషన్ ఇటుక, దాని వెనుక రేకు, రేకుకు వెల్డు చేసిన యాంకర్లు (ఇటుకను పట్టి ఉంచే కొక్కేలు) అన్నీ వేడెక్కుతాయి. రేకు వంగిపోయి, కప్పు ఇటుకలు జారిన ఫర్నేస్‌ను నేను స్వయంగా విప్పి కట్టాను. అక్కడ కూడా ఎవరో మంచి ఉద్దేశంతోనే బయట రాక్‌వూల్ చుట్టారు. ఇన్సులేషన్ పెంచాలంటే లోపలి వైపు నుంచి పెంచాలి, లేదా పొరల ఉష్ణోగ్రతలన్నీ మళ్లీ లెక్క కట్టి చూడాలి. సిమెంటు రోటరీ కిల్న్ (గుండ్రంగా తిరిగే గొట్టపు బట్టీ) ఉక్కు పైతొడుగుకు బయట ఇన్సులేషన్ చుట్టకూడదని అనేది కూడా ఈ కారణంతోనే.

నిప్పుకణిక

మేస్త్రి గారూ, మీరు చెప్పినట్టే చేశాను. నల్ల మచ్చ మీద 105 డిగ్రీలు! దాని పక్కనే రెండు అంగుళాల దూరంలో అల్యూమినియం రంగు మీద అదే గన్ 66 అంటోంది. మా వాళ్లందరినీ పిలిచి చూపించాను. ఇన్నేళ్లుగా రికార్డు పుస్తకంలో రాసుకున్న గోడ ఉష్ణోగ్రతలన్నీ తప్పే.

మరి గోడ 105 డిగ్రీలు ఉన్నప్పుడు నష్టం ఎక్కువే కదా? నా మొదటి ఆలోచన సరైనదే అనిపిస్తోంది.

లోహవిద్యార్థిని

నేను మెటలర్జీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మీ అంకెలతో ఉష్ణ సమతుల్యత లెక్క వేసి చూశాను. తప్పులుంటే పెద్దలు దిద్దండి.

గోడ నష్టం: 105 డిగ్రీల గోడ, 35 డిగ్రీల పరిసరం, అల్యూమినియం రంగు. గాలి ద్వారా, కిరణాల ద్వారా కలిపి చదరపు మీటరుకు దాదాపు 750 వాట్లు వస్తోంది. కప్పుతో కలిపి బయటి వైశాల్యం 50 చదరపు మీటర్లు అనుకుంటే సుమారు 37 కిలోవాట్లు. గోడ పూర్తిగా వేడెక్కేది చివరి గంటల్లోనే కాబట్టి పది గంటలకు 200 యూనిట్లు (కిలోవాట్-గంటలు) అనుకున్నాను.

ఉక్కుకు కావలసింది: 900 డిగ్రీలకు టన్నుకు సుమారు 170 యూనిట్లు. 6 టన్నులకు 1,020.

ఇటుకలో నిలిచిపోయేది: ఇక్కడే ఆగిపోయి లెక్క రెండుసార్లు చేశాను. ఒక చదరపు మీటరు గోడలో 230 మిల్లీమీటర్ల ఫైర్‌బ్రిక్ అంటే 460 కిలోలు. సగటున 600 డిగ్రీలు పెరిగితే దాదాపు 77 యూనిట్లు. లోపలి గోడలు, కప్పు, తలుపు కలిపి 32 చదరపు మీటర్లు, దానికి బోగీ మీది ఇటుక. మొత్తం 3,000 యూనిట్లు దాటుతోంది. ఉక్కు తీసుకున్న దానికి మూడింతలు!

మీరు కాల్చిన 940 ఘనపు మీటర్లలో ఉన్నది సుమారు 9,400 యూనిట్లు. అంటే ఉక్కులోకి చేరింది 11 శాతం. గోడ బయటి వైపు నుంచి పోయింది 2 శాతం. మిగిలిన పెద్ద భాగమంతా పొగలోనూ ఇటుకలోనూ ఉంది.

దహనమిత్ర

చాలా బాగా చేశావమ్మా. ఇటుక ఉష్ణోగ్రత అంచనాలో కొంత అటూ ఇటూ ఉండవచ్చు కానీ, చిత్రం మారదు. దానికి పొగ లెక్క నేను చేరుస్తాను.

పొగలోని ఆక్సిజన్ శాతాన్ని, 21లోంచి (గాలిలోని ఆక్సిజన్ శాతం) అదే శాతం తీసివేసిన అంకెతో భాగిస్తే అదనపు గాలి వస్తుంది. 8ని 13తో భాగించండి. అవసరానికి మించి 60 శాతం గాలి! ఆ గాలిలో అయిదింట నాలుగు వంతులు నైట్రోజన్. అది దేనికీ పనికిరాకుండా 30 డిగ్రీల దగ్గర లోపలికి వచ్చి 900 డిగ్రీలు ఎక్కి చిమ్నీలోకి పోతుంది. 900 డిగ్రీల పొగతో, 60 శాతం అదనపు గాలి ఉంటే గ్యాస్ వేడిలో దాదాపు 58 శాతం పొగతో పోతుంది. అదనపు గాలిని 10 శాతానికి, అంటే ఆక్సిజన్‌ను 2 శాతం దగ్గరికి తెస్తే ఆ నష్టం 43కు దిగుతుంది. ఫర్నేస్‌లో మిగిలేది 42 నుంచి 57 అవుతుంది. అదే పనికి గ్యాస్ నాలుగో వంతు తగ్గుతుందన్నమాట. దీనికి కావలసింది ఒక మీటరు, ఒక పూట సమయం.

బర్నర్ అనుభవం

క్షమించాలి, నేను దీనితో పూర్తిగా ఏకీభవించను. 2 శాతానికి దింపమని చెప్పడం తేలికే. గాలి సరిపోకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. అది షెడ్డులోకి చేరితే ప్రాణాలు పోతాయి. గ్యాస్ ఒత్తిడి మారుతుంది, గాలి ఫిల్టరు మూసుకుపోతుంది. కొంచెం ఎక్కువ గాలి ఉంటేనే మనుషులకు భద్రత. నేను 4 శాతం కంటే తక్కువకు ఎప్పుడూ సరిచేయను.

దహనమిత్ర

మీ భయం నిజమైనదే, దాన్ని నేను తేలికగా తీసుకోను. అందుకే ఆక్సిజన్‌తో పాటు కార్బన్ మోనాక్సైడ్ చూపే మీటరు లేకుండా గాలి కవాటాన్ని ముట్టుకోకూడదు. ఆక్సిజన్ దించుతూ పోతే ఒక దశలో మోనాక్సైడ్ ఉన్నట్టుండి లేస్తుంది. ఆ చోటు నుంచి కాస్త వెనక్కి వచ్చి ఆపాలి. పాత బర్నర్లకు అది 3 శాతం కావచ్చు, 4 కావచ్చు. ఏ ఫర్నేస్ అంకె దానిదే. 8 మాత్రం భద్రత కోసం పెట్టుకున్న అంకె కాదు, ఎవరూ కొలవకపోవడం వల్ల వచ్చిన అంకె.

మట్టిపాత్ర

సెరామిక్ కిల్న్ (మట్టి సరుకు కాల్చే బట్టీ) నడిపే దానిగా ఒక సవరణ చెబుతాను. మాకు మొదటి గంటల్లో అదనపు గాలి కావాలి. పచ్చి సరుకులో తేమ పోవాలి, ఆ తరువాత 450 నుంచి 600 డిగ్రీల మధ్య మట్టిలోని రసాయన జలం వదలాలి. 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ రూపం మారి ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. అక్కడ ఒక మూల వేడిగా, ఇంకో మూల చల్లగా ఉంటే సరుకు పగులుతుంది. ఎక్కువ గాలి వల్ల వేడి అన్ని మూలలకూ సమంగా తిరుగుతుంది. కాబట్టి గాలి తగ్గింపు పై ఉష్ణోగ్రతల దగ్గర చేయవలసిన పని. పగిలిన సరుకులో పోయిన ఇంధనాన్ని ఏ మీటరూ చూపదు.

విద్యార్థిని గారి ఇటుక లెక్క చదివి నాకు మా కిల్న్ కారు (సరుకును బట్టీలోకి మోసే చక్రాల బండి) గుర్తొచ్చింది. నిరుడు ఒకరోజు అన్నీ తూకం వేశాం. సరుకు 400 కిలోలు. దాన్ని మోసే పలకలు, స్తంభాలు, కారు మీది ఇటుకలు కలిపి 1,100 కిలోలు. ఏళ్ల తరబడి ప్రతి విడతలో మేము కాల్చినవి ముఖ్యంగా మా పలకలనే! మందపాటి కార్డియరైట్ (ఒక రకం సెరామిక్) పలకల స్థానంలో పలుచటి సిలికాన్ కార్బైడ్ పలకలు, బోలు దూలాలు పెట్టాం. కారు అడుగున బరువైన ఇటుక తీసి తేలిక ఇటుక వేశాం. మోసే బరువు 600 కిలోలకు వచ్చింది. పై వరుసలో ఇంకాస్త సరుకు కూడా పడుతోంది.

నిప్పుకణిక

ఈ రోజు బోగీ బయటికి లాగినప్పుడు మోకాళ్ల మీద కూర్చుని టార్చిలైటుతో ఇసుక సీలు చూశాను. తొట్టిలో ఇసుక సగానికి పైగా లేదు. ఉన్నది కూడా ఉక్కు నుంచి రాలిన పొలుసులతో కలిసి గట్టిపడి గడ్డ కట్టింది. బోగీ అంచున ఇసుకలోకి దిగవలసిన రేకు ఒకచోట వంకరపోయి పైకి తేలింది. రెండు మీటర్ల మేర ఒక సెంటీమీటరు సందు. మధ్యాహ్నం ఫర్నేస్ నడుస్తుండగా ఆ సందు దగ్గర అగరుబత్తి పెట్టాను. పొగ గీత గీసినట్టు నేరుగా లోపలికి పోయింది. అదే సమయంలో తలుపు పై అంచు నుంచి మంట నాలుకలు బయటికి వస్తున్నాయి. రెండూ ఒకే ఫర్నేస్‌లో ఎలా సాధ్యం?

దహనమిత్ర

వేడి వాయువు తేలిక కాబట్టి ఫర్నేస్ మొత్తం ఒక పొట్టి చిమ్నీలా పనిచేస్తుంది. 900 డిగ్రీల దగ్గర ఎత్తు పెరిగే ప్రతి మీటరుకూ లోపలికీ బయటికీ మధ్య ఒత్తిడి తేడా సుమారు 8 పాస్కల్‌లు మారుతుంది. మీ రెండు మీటర్లలో 16, 17 పాస్కల్‌లు. మధ్యలో ఎక్కడో లోపలి ఒత్తిడీ బయటి ఒత్తిడీ సమానమయ్యే రేఖ ఉంటుంది. దాని పైన మంట బయటికి, దాని కింద చల్లగాలి లోపలికి. చిమ్నీ డాంపరు (పొగదారిని మూసి తెరిచే పలక) పూర్తిగా తెరిచి ఉంటే ఆ రేఖ పైకి పోయి, కింది సందులన్నీ గాలి పీలుస్తాయి.

మీ సందు గురించి అంచనా వేశాను. అడుగున 15 పాస్కల్‌ల లాగుడు ఉంటే గాలి సెకనుకు 5 మీటర్ల వేగంతో దూరుతుంది. సెంటీమీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు సందులోంచి గంటకు 200 ఘనపు మీటర్లకు పైగా చల్లగాలి. దాన్ని 900కు ఎక్కించడానికి 60 కిలోవాట్లకు పైగా కావాలి. మీ గోడలన్నీ, కప్పుతో సహా, వదిలేది 37 కిలోవాట్లు. ఆ ఒక్క సందు అంతకంటే ఎక్కువ తింటోంది.

మీ మీటరు చూపిన 8 శాతంలో బర్నర్ వాటా ఎంతో, ఈ సందు వాటా ఎంతో తెలియదు. కాబట్టి సందు మూయకుండా బర్నర్ సరిచేయకండి. ముందు గాలి తగ్గించి తరువాత సందు మూస్తే, మంటకు గాలి చాలక బర్నర్ అనుభవం గారు భయపడిందే జరుగుతుంది. సీలు, తలుపు, డాంపరు, ఆ తరువాతే బర్నర్. డాంపరును నేల మట్టంలో ఒత్తిడి సున్నాకు కాస్త పైన ఉండేలా పెట్టండి.

బర్నర్ అనుభవం

ఈ వరుస క్రమం నాకు నచ్చింది, దీనితో ఏకీభవిస్తున్నాను. ఒకటి చేరుస్తాను. పెద్ద మంట దగ్గర సరిచేసి వెళ్లిపోకండి, చిన్న మంట దగ్గర కూడా కొలవండి. గ్యాస్ కవాటాన్నీ గాలి కవాటాన్నీ కలిపే కడ్డీ కీళ్లు అరిగిపోతే గ్యాస్ తగ్గినా గాలి తగ్గదు.

నిప్పుకణిక

మూడు వారాల తరువాత వచ్చాను. చేసినవి రాస్తున్నాను.

తొట్టి శుభ్రం చేసి కొత్త ఇసుక నింపాం, వంగిన రేకు మార్చాం. తలుపు చుట్టూ సెరామిక్ ఫైబర్ (వేడిని తట్టుకునే నార) తాడు వేశాం. లోపలికి తొంగిచూసే రంధ్రం ఒకదానికి మూత లేదు, పెట్టాం. డాంపరు సరిచేశాక అగరుబత్తి పొగ సందు దగ్గర నిలువుగా నిలబడింది. అప్పుడు ఆక్సిజన్ చూస్తే 5.5. ఏ బర్నర్‌నూ ముట్టుకోకుండానే!

బర్నర్ అనుభవం గారు చెప్పిన కీళ్ల దగ్గర అసలు సంగతి బయటపడింది. 900 దగ్గర నిలిపి ఉంచే గంటల్లో చిన్న మంట మీద ఆక్సిజన్ 13 శాతం. కడ్డీ చివరి పిన్ను సగం అరిగి, గ్యాస్ మూసుకుంటున్నా గాలి పలక కదలడం లేదు. పిన్ను మార్చి, మోనాక్సైడ్ చూస్తూ రెండు మంటల దగ్గరా 3 శాతానికి తెచ్చాం.

అవే 6 టన్నులకు ఇప్పుడు 735 ఘనపు మీటర్లు.

ఆ తరువాత ఇటుక లెక్క గుర్తు పెట్టుకుని ప్రణాళిక విభాగంతో మాట్లాడాను. సగం లోడుతో రెండు విడతలు నడిపే బదులు సరుకు కలిపి 9 టన్నులు వేస్తున్నాం. ఒక విడత తీయగానే గోడ ఎర్రగా ఉండగానే రెండోది లోపలికి పోతోంది. మొదటి విడతకే 830 వచ్చింది. టన్నుకు 157 నుంచి 92కు దిగింది. విద్యార్థిని గారూ, మీ లెక్కను అచ్చు తీసి కంట్రోల్ ప్యానెల్ పక్కన అంటించాం.

ఇప్పుడు యాజమాన్యం రిక్యూపరేటర్ (బయటికి పోయే పొగ వేడితో బర్నర్ గాలిని వేడి చేసే పరికరం) గురించి అడుగుతోంది. అలాగే లోపలి గోడకు పూస్తే గ్యాస్ బాగా తగ్గుతుందంటూ ఎమిసివిటీ పూత ఒకటి చూపించారు. మీ అభిప్రాయం చెప్పండి.

గాజుపని

రిక్యూపరేటర్ గురించి నేను చెబుతాను, మా గాజు ఫర్నేస్‌ల ప్రాణమే అందులో ఉంది. 1828లో నీల్సన్ ఇనుప కొలిమికి వేడిగాలి ఊదడానికి పేటెంటు పొందారు. 1856లో ఫ్రెడరిక్ సీమెన్స్ ఇటుక గదుల్లో పొగ వేడిని దాచి, దిక్కు మార్చి, అదే గదిలోంచి గాలిని పంపే పద్ధతికి పేటెంటు పొందారు. ఈ రోజుకూ గాజు ఫర్నేస్‌లో గాలి 1,200 డిగ్రీలు దాటి మంట దగ్గరికి చేరేది ఆ గదుల వల్లే. 1858లో హాఫ్‌మన్ వలయపు బట్టీ వచ్చింది. అందులో వేరే యంత్రం కూడా లేదు. కాలిన ఇటుక చల్లారుతూ గాలిని వేడి చేస్తుంది, పొగ పచ్చి ఇటుకను వేడి చేస్తుంది. ఆ ఆలోచన తలచుకున్నప్పుడల్లా నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

మీ విషయంలో గాలిని 400 డిగ్రీలకు వేడి చేస్తే మిగిలిన గ్యాస్‌లో సుమారు ఐదో వంతు తగ్గుతుంది. అయితే వేడెక్కిన గాలి పరిమాణం రెండింతలకు పైగా పెరుగుతుంది. గొట్టాలు, బర్నర్లు దానికి సరిపోవాలి. మంట వేడి పెరిగి నైట్రోజన్ ఆక్సైడ్‌లు కూడా పెరుగుతాయి. సీలు బాగుచేయక ముందే కొని ఉంటే ఆ దొంగగాలిని కూడా మోసే పెద్ద రిక్యూపరేటర్ కొనేవారు.

పూత గురించి: ఒక్కో ఫర్నేస్‌లో ఒక్కో ఫలితం వస్తుంది. పూయడానికి ముందూ తరువాతా ఒకే లోడు, ఒకే ఆక్సిజన్‌తో కనీసం పది విడతలు కొలిచి చూపించమనండి.

లైనింగ్ మేస్త్రి

నన్ను అడిగితే రిక్యూపరేటర్ కంటే ముందు లైనింగ్ మార్చండి. ఇటుక తీసి 250 మిల్లీమీటర్ల సెరామిక్ ఫైబర్ మాడ్యూళ్లు (మడతపెట్టిన ఫైబర్ దిమ్మెలు) వేస్తే చదరపు మీటరుకు 460 కిలోల స్థానంలో 32 కిలోలే ఉంటాయి. 77 యూనిట్లు మింగే చోట ఐదారు యూనిట్లతో సరిపోతుంది. అంత ఖర్చు ఇప్పుడే వద్దంటే పాత ఇటుక మీదే 50 మిల్లీమీటర్ల ఫైబర్ పలకలు అతికించవచ్చు, ఇటుక గట్టిగా ఉంటేనే సుమండీ. బోగీ మీద మాత్రం ఇటుకే ఉంచండి, సరుకు తగిలితే ఫైబర్ చిరుగుతుంది. బర్నర్ మంట నేరుగా తగిలే చోటా వద్దు.

పని చేసేవాళ్ల గురించి కూడా చెప్పాలి. ఆ ఫైబర్ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, క్యాన్సర్ ప్రమాదం ఉండవచ్చని దాన్ని వర్గీకరించారు. ఏళ్ల తరబడి బాగా కాలిన పాత ఫైబర్‌లో క్రిస్టోబలైట్ (ఒక రకం సిలికా స్ఫటికం) కూడా ఏర్పడుతుంది. విప్పేటప్పుడు తడిపి విప్పాలి, సరైన మాస్కు లేకుండా ఎవరినీ లోపలికి పంపకండి. నా దగ్గర పనిచేసే పిల్లలకు నేను పెట్టిన మొదటి నియమం అదే.

నిప్పుకణిక

మేస్త్రి గారి మాటతో మా మేనేజరు గారు ఒప్పుకున్నారు. వచ్చే వార్షిక మరమ్మతులో కప్పుకు, రెండు పక్క గోడలకు మాడ్యూళ్లు, తలుపుకు ఫైబర్. రిక్యూపరేటర్ ఆ తరువాత, అప్పటి గ్యాస్ లెక్క చూసుకుని. రాక్‌వూల్ ఆర్డరు రద్దు చేశాం. నల్ల మచ్చలు మాత్రం గోడకు ఆరు చోట్ల శాశ్వతంగా పూయించాను. ఇకనుంచి రికార్డులో రాసేది వాటి మీది అంకెలే.